ఇంటిప్రతి

భార్య సులోచన పోయిన రోజు గనిబడిలో పలకలన్నీ చల్లగానే ఉన్నాయి. ఆ పలకలను బాగుచేసే తిరుపాలుకు ఆ సంగతి బాగా గుర్తు. ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే ఒక్కొక్క పలక వీపు మీద చేయి తిరగేసి ఆనించి చూశాడు, జ్వరమొచ్చిన మనిషి నుదురు చూసినట్టు. ఏదీ కాగలేదు. ఆ తర్వాతే ఒంగోలు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది.

ఆసుపత్రివాళ్లు మనిషి పోయిందని తమ ముద్ర తాము వేసి, అందరి రాతలూ పైన దాచే పైప్రతికి పంపేశారు. అతను ఇంటికి వచ్చేసరికి గోడకున్న ఇంటిపెట్టె, ఇంటిప్రతి ఉండేది, వెలుగుతూ, ఆరుతూ ఏదో అడుగుతోంది. అతను చదవలేదు. దండెం మీద ఆరేసి ఉన్న సులోచన తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. చేయవలసినవన్నీ చేసి, దినం అయ్యాక పనిలోకి వచ్చాడు.

వచ్చేసరికి పలకలు కాగుతున్నాయి.

ఇవాళ మరీ ఎక్కువ. గుంతలోకి మెట్లు దిగుతుంటేనే గాలిలో వెచ్చదనం ముఖానికి తగిలింది. పలకరాయి తీసి తీసి వదిలేసిన పాత గని అది. పైన ఎండ మనిషిని నిలబడనివ్వదు. అందుకే మార్కాపురం ఆడవాళ్లు తెల్లవారకముందే పక్క గనుల్లో రాయి కోసి, పొద్దు ముదిరేలోగా ఈ గుంతలోకి దిగిపోతారు. చేతులు కడుక్కుని, సద్ది తిని, పలకల ముందు కూర్చుంటారు. పొద్దు వాలేదాకా చదువు. వాళ్లు కోసిన రాయే ఆ పలకల వెనక బిళ్లగా అతికి ఉంటుంది. వేడిని లాగడంలో దానికి సాటి లేదని దేశమంతా కొనుక్కుపోతుంది. ఆ రాయి కూడా ఇప్పుడు చేయి పెట్టనివ్వడం లేదు.

"రా సారూ, సమయానికొచ్చినావు," అంది ఓబులమ్మ. గుంతలో అందరికంటే పెద్దది, అందరికంటే పెద్ద నోరు కూడా ఆమెదే. "నా పలక మీద జొన్నరొట్టె కాలద్దా లేదా అని పందెమేసుకున్నాం. నువ్వే తీర్పు చెప్పాల."

"పిండి తెచ్చుకోలేదు గానీ లేకుంటే కాల్చేదే," అంది పక్కనున్న మస్తాన్‌బీ.

"నవ్వు తర్వాత. ఇటివ్వండి," అన్నాడు తిరుపాలు.

పలక తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రాసెసర్ భారం చూపే గీత పైఅంచుకు తగిలి అక్కడే నిలబడిపోయి ఉంది. ఓబులమ్మ రాసింది రెండు వాక్యాలు. రెండు వాక్యాలకు అంత పని ఏముంటుంది? చిన్న సున్నాలో రెండు బాణాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరుగుతున్నాయి. సరిపోత జరుగుతోందని దాని అర్థం. పలక మీద ఉన్నదీ పైప్రతిలో ఉన్నదీ అక్షరం తేడా లేకుండా ఒక్కటే అయినప్పుడు ఆ బాణాలు ఆగాలి. ఆగడం లేదు.

అతనికి తెలిసిన వరస ఒకటుంది. సరిపోతను ఆపి, పలకను ఆర్పి, మళ్లీ వెలిగించాడు. బొమ్మలు, పాటలు ఉన్న బరువు సంచులను సరిపోత నుంచి తప్పించాడు. ఒకే పేరుతో పోగుబడ్డ చిక్కుప్రతులను ఏరి పారేశాడు. అన్నీ ఒకేసారి ఎగబడకుండా వేగానికి పగ్గం వేశాడు. గీత కిందికి దిగింది. ఓబులమ్మ చేయి ఆనించి, "హమ్మయ్య" అంది. ఆ మాట పూర్తికాకముందే బాణాలు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి. గీత మళ్లీ పైకి పాకింది.

అలా వరసంతా చేశాడు. వరసంతా మళ్లీ కాగింది.

చేతిఫోను మోగింది. పైప్రతి కేంద్రం నుంచి హరిణి. ఆమెను అతను ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు. పనిలో తప్ప మరో మాట మాట్లాడని గొంతు అది. సులోచన పోయినప్పుడు మాత్రం, "జాగ్రత్తగా ఉండండి" అని ఒక్కసారి అంది.

"తిరుపాలు గారూ, మీ గుంత ఒక్కటే జిల్లా భారమంతా తినేస్తోంది. ఏమైంది?"

"చూస్తున్నానండీ."

"సాయంత్రం ఇవాళ్టి లెక్క మూతపడేలోగా తగ్గకపోతే నా చేతిలో ఉండదు. పైప్రతిని కిందికి దించేస్తారు. పలకల్లో దానికి కలవనిదేదీ మిగలదు."

"మిగలదంటే?"

"ఉండదు," అంది హరిణి. "ఏ సంచి కదులుతోందో చూశారా?"

చూడలేదు. మామూలుగా అయితే ముందు చూడవలసింది అదే. ఎందుకో అతను వరసలో మిగతావన్నీ చేసి దాన్ని చివరికి పెట్టుకున్నాడు. ఇప్పుడు చూశాడు. కదులుతున్న సంచి పేరు "దిద్దుబాటు". అది ఈ గుంతలో చదువు చెప్పిన సులోచన సంచి.

తెరిచాడు. ఓబులమ్మ రాసిన రెండు వాక్యాల పక్కన ఎర్రటి టిక్కు ఒకటి ఉంది. సులోచనది ఎడమచేతి వాటం. ఆమె కొట్టే టిక్కుకు తోక ఎడమవైపు పోతుంది. బజారు చీటీ మీద, క్యాలెండర్ మీద, అతని చొక్కాలు చాకలికి వేసిన లెక్క మీద, ఎక్కడ చూసినా అదే టిక్కు. ఈ టిక్కు తోక కూడా ఎడమవైపే పోయింది. కింద సులోచన సంతకం. దాని పక్కన తేదీ. ఇవాళ్టిది.

తిరుపాలు పక్కనున్న రాతిదిమ్మె మీద కూర్చున్నాడు. మరో పలక అందుకుని తెరిచాడు. అందులోనూ ఇవాళ్టి టిక్కు ఉంది. ఇంకొకటి తెరిచాడు. అందులో ఒక తప్పు చుట్టూ సున్నా చుట్టి, పైన సరైన అక్షరం రాసి ఉంది. సులోచన చేసేది అలాగే. కొట్టివేత ఆమెకు గిట్టదు.

"ఇవి ఎవరు..." అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఓబులమ్మ కూడా నవ్వలేదు. చివరికి మస్తాన్‌బీ కొంగు ముడి విప్పి ఎర్ర బలపం తీసింది. సులోచన బలపమే. దానితో ఎవరు గీసినా పలక మీద ఆమె సంతకమే పడుతుంది. దాని చివర పళ్ల గాట్లున్నాయి. ఆలోచిస్తూ కొరకడం ఆమె అలవాటు.

"ఎవరి పలక వాళ్లు దిద్దుకోగూడదనేది గదా టీచరమ్మ," అంది మస్తాన్‌బీ మెల్లగా. "మన తప్పు మన కంటికి ఆనదు, పక్కదానికియ్యి అనేది. బలపం మా చేతికిచ్చి తిప్పుకోమనేది. ఆమె ఉన్నప్పుడూ అంతే సార్. సగం టిక్కులు మేం కొట్టినవే."

"ఈ తోక?"

"తోకేంది?"

"ఎడమవైపు తోక."

"టిక్కు అట్టనే గదా ఉండేది?" అంది మస్తాన్‌బీ. ఆమె ముఖంలో నిజమైన ఆశ్చర్యం ఉంది. "ఇంకోరకంగా గూడా ఉంటదా?"

ఈ గుంతలో ఉన్న ఆడవాళ్లందరికీ అక్షరం నేర్పింది ఒక్కరే. టిక్కు ఎలా ఉంటుందో వాళ్లు చూసిందీ ఒక్కరి చేతిలోనే.

"టీచరమ్మ లేదని దిద్దకుండా వదిలేస్తే ఎట్టా?" అంది ఓబులమ్మ. "రాసింది రాసినట్టే ఉంటే అది రాతా? తప్పయితే చెప్పు సారూ, మానుకుంటాం."

"తప్పేం కాదు. బలపం కాసేపు ఇవ్వండి," అన్నాడు.

బలపాన్ని పలకలన్నిటి నుంచీ విడదీసి, పనిముట్ల పెట్టెలో పెట్టి మూత వేశాడు. కారణం దొరికినందుకు కాస్త ఊపిరి తీసుకున్నాడు. పోయినవారి సంతకంతో గీతలు పైకి వస్తుంటే పైప్రతి ఒప్పుకోదు, తిప్పి పంపుతుంది. గొడవ అదే అయి ఉంటుంది. ఇక కొత్త గీతలు రావు. వేడి దిగుతుంది.

దిగలేదు. గోడవైపున్న పలక ఒకటి చిన్న శబ్దం చేసి తనంతట తానే ఆరిపోయింది. దాని వెనక రాయి నిలువునా చిట్లింది.

"ఇప్పుడేంది?" అంది ఓబులమ్మ. ఆమె గొంతులో మొదటిసారి భయం వినిపించింది. తన పలకను ఒడిలోకి లాక్కుంది. కాలుతున్నా వదల్లేదు. "సారూ, ఇటు చూడు. ఇది నా పేరు. తప్పు లేకుండా నేను మొదట రాసింది. ఈ టిక్కు మాత్రం టీచరమ్మ సొంతంగా కొట్టింది. కొట్టి నా చేయి పట్టుకునింది. తతిమ్మావన్నీ పోతే పోనీ. ఇది పోగూడదు."

తిరుపాలు ఆ టిక్కు చూశాడు. దాని పక్కనున్న టిక్కూ చూశాడు. ఏది సులోచనదో, ఏది కాదో అతనికి తెలియలేదు. ఇన్నేళ్లు ఆమె రాత చూసిన కళ్లు. ఎంతసేపు చూసినా తెలియలేదు.

ఒక్క టిక్కును పట్టుకుని దాని వెంట పోయి చూడాలనుకున్నాడు. ఓబులమ్మ పేరు పక్కనున్నదాన్నే పట్టుకున్నాడు. అది పైకి వెళ్లింది. పైప్రతి సంతకం చూసి, ఈ మనిషి లేదంటూ తిప్పి పంపింది. పలక అక్కడితో ఊరుకోలేదు. కిందికి తిరిగి, ఈ మనిషి ఉందా అని అడిగింది. కింద ఎక్కడి నుంచో వెంటనే జవాబు వచ్చింది. ఉంది. పలక ఆ మాట నమ్మి టిక్కును మళ్లీ పైకి పంపింది. పైప్రతి లేదంది. పలక మళ్లీ కిందికి అడిగింది. ఉంది. ప్రతి పలకా ప్రతి టిక్కుకూ, రెప్ప వేసే లోపల లెక్కలేనన్ని సార్లు ఇదే అడుగుతోంది. ప్రాసెసర్లు మాడిపోతున్నది ఇందుకే.

ఎవరు చెబుతున్నారు ఉందని? జవాబు వస్తున్న చోటు పేరు తెరిచాడు. కరెంటాఫీసు వీధి. ఆ తర్వాత ఇంటి నంబరు. చదివాడు. అర్థం కానట్టు మళ్లీ చదివాడు.

అది అతని ఇల్లే.

తువ్వాలు కింద ఇంటిపెట్టె ఇన్నాళ్లుగా అడిగినవాళ్లందరికీ అదే జవాబు చెబుతోంది. దానికి తెలిసింది అదే. కాదని ఎవరూ దానికి చెప్పలేదు. చెప్పవలసినవాడు ఇక్కడ కూర్చుని అందరి పలకల్లో తప్పు వెతుకుతున్నాడు.

చుట్టూ ఆడవాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. అతనికి వినపడలేదు. ఫోను చాలాసేపు మోగాక తీశాడు.

"తిరుపాలు గారూ," అంది హరిణి. ఆ ఇంటి నంబరు ఆమెకూ కనపడిందని ఆ పిలుపులోనే అతనికి అర్థమైంది. "ఆసుపత్రి ముద్ర ఉంది. ఇంటి ముద్ర పడలేదు. నేను వేయలేను. అది ఇంటివాళ్లే వేయాలి. అక్కడి నుంచి కూడా వేయొచ్చు మీరు. మీ వేలు చాలు."

"వేస్తే?"

"అంతా సరిపోతుంది. అన్నీ చల్లబడతాయి."

"ఆమె గీతలు?"

"పోయినవారి రాత నేల మీద ఉండదు గదండీ. పైకి లేచిపోయి భద్రంగా ఉంటుంది. మన నియమమే కదా. మీరే ఎంతోమందికి చేశారు."

చేశాడు. ఎన్ని ఇళ్లలోనో చేశాడు. "ఇక్కడ వేలు పెట్టండమ్మా, అయిపోతుంది" అనేవాడు. వాళ్లు వేలు పెట్టి, తెర మీద రాతలు ఒక్కొక్కటిగా మాసిపోతుంటే గుడ్లప్పగించి చూసేవాళ్లు. పని అయిందని అతను సంచీ సర్దుకునేవాడు. ఆ ముఖాలు ఇప్పుడు గుర్తొచ్చాయి.

చేతిలో ఉన్న పలక మీద ముద్ర గడి తెరుచుకుంది. అతను వేలు దానిపైకి తెచ్చాడు. వేలి కింద వెచ్చగా తగిలింది.

"సారూ," అంది ఓబులమ్మ. ఫోనులో మాటలు ఆమె ఎంత విందో తెలియదు. "చేయి కాలద్ది. తీయ్."

అతను చేయి తీశాడు. లేచి గుంత చివరకు నడిచాడు. అక్కడ పలకలను పైప్రతితో కలిపే లావు తీగ ఒకటి పై నుంచి రాతిగోడ వెంట దిగి సరిపోత గూటిలోకి పోతుంది. దాన్ని విప్పడం అతనికి ఎవరూ నేర్పలేదు. విప్పవలసిన పని ఎవరికీ పడలేదు. మూపు ఆనించి, రెండు చేతులా పట్టి తిప్పి లాగాడు. ఊడివచ్చింది.

బాణాలు ఆగిపోయాయి. ఒక పలకలో, పక్కదానిలో, ఆ పక్కదానిలో. పలకలు చివరిసారి కిందికి అడిగాయి. ఇల్లు ఉందంది. కాదనేవాళ్లు ఎవరూ లేరు. ప్రాసెసర్ గీతలన్నీ కిందికి జారి నేలకు ఆనుకున్నాయి. రాయి చల్లబడుతూ సన్నగా చిటపటమంది. తర్వాత గుంతలో ఏ చప్పుడూ లేదు.

"ఏం చేసినావు?" అంది మస్తాన్‌బీ.

"విడదీశాను."

"మళ్లీ కలపాలా?"

అతను పనిముట్ల పెట్టె తెరిచి ఎర్ర బలపం ఆమె చేతికిచ్చాడు. ఓబులమ్మ తన పలక పక్కామెకు అందించింది. "సరిగ్గా చూడు మే, మొగమాటపడి టిక్కు కొట్టబాక," అంది. గొంతు పూర్తిగా తేరుకోలేదు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి హరిణి గొంతులో కంగారు ఉంది.

"మీ గుంత లేదంటోంది పైప్రతి. తిరుపాలు గారూ, ఉన్నారా?"

"ఉన్నానండీ."

"అన్ని చోట్ల నుంచీ జవాబు వస్తేనే సాయంత్రపు మూత పడేది. మీ దగ్గర నుంచి రావడం లేదు. రాష్ట్రమంతా ఆగి ఉంది. విడిపోయిన చోటుకు మా దగ్గర గడి లేదు, పేరు లేదు. ఏమని రాయమంటారు నన్ను?"

తిరుపాలు ఆలోచించాడు. ఆమెకు ఏదో ఒకటి చెప్పాలని నిజంగానే ఆలోచించాడు.

"గిద్దలూరు గుంతవాళ్లు అడుగుతున్నారు," అంది హరిణి, ఇంకా మెల్లగా. "తీగ ఎలా విప్పారో చెప్పమంటున్నారు."

పొద్దు వాలుతుండగా అతను ఇల్లు చేరాడు. తువ్వాలు అలాగే ఉంది. దాని నేత సందుల్లోంచి వెలుగు వస్తూ పోతూ ఉంది. అంచు కొద్దిగా ఎత్తి, పెట్టె అడుగుతున్నదేమిటో మొదటిసారి చదివాడు. సులోచన ఈ ఇంట్లో ఉందా? కింద ఉంది, లేదు అని రెండు గడులున్నాయి. చదివి, అంచు వదిలేశాడు. స్టవ్ మీద ఎసరు పెట్టాడు.

గుంతలో తీగ ఇంకా కలపలేదు. ఇంటి ముద్ర ఇంకా వేయలేదు.