నల్లపొడి నిలిచిన చోటు

బంపరు ఊడదీసి బల్ల మీద పెట్టుకుని, షెడ్డు షట్టరు దించేశాడు అల్లుడు. తడి రంగు మీద దుమ్ము వాలిందంటే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. బయట వాన. లోపల ఒక్కటే బల్బు, లప్పం వాసన, కళ్లు మండించే థిన్నర్ ఘాటు.

కారు మామగారిది. నలభై ఏళ్లు బండ్లకు రంగులేసిన మనిషి. కళ్లు మూసుకుని అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు, వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తారు. సాయంత్రం బండి కోసం వస్తున్నారు. ఆలోగా బంపరుకు పడ్డ సొట్ట మాయమవ్వాలి.

గేటు స్తంభానికి గుద్దుకుందని ఇంట్లో చెప్పాడు. అబద్ధం! మొన్న సందెవేళ, వానలో, మలుపు దగ్గర ఒకావిడ ఆపమని చెయ్యెత్తింది. ధబ్బుమని చప్పుడు. ఆపితే ఆపగలిగేవాడే, ఆపలేదు. ఆవిడ బతికుందో లేదో కూడా తెలీదు. మెకానిక్ దగ్గరికెళ్తే నలుగురి నోళ్లలో పడతానని, తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే పని మొదలెట్టాడు.

వేడినీళ్లు పోసి సొట్టను బయటికి నెట్టాడు. లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాడు. పైన నల్లపొడి రాసి మళ్లీ రుద్దాడు. ఈ కిటుకు మామగారు నేర్పిందే. మిట్ట మీద పొడి చెరిగిపోతుంది, పల్లంలో నిలుస్తుంది.

పొడి నిలిచింది. ఐదు వేళ్లు. ఒక అరచెయ్యి.

"ఛీ, నా చెయ్యే ఆనించి ఉంటాను" అనుకుని పక్కన తన చెయ్యి పెట్టి చూశాడు. పొడిలోని అచ్చు చిన్నది. ఆడమనిషిది.

మళ్లీ లప్పం. మళ్లీ రుద్దుడు. మళ్లీ పొడి... ఈసారి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, దేన్నో పట్టుకోబోతున్నట్టు.

"ఏవండీ, నాన్న బయల్దేరాడట. అయిందా?" బయటి నుంచి భార్య కేక.

"ఆఁ... అయిపోవచ్చిందిలే!"

ఇక పొడి రాయలేదు. చూడకపోతే లేనట్టే కదా! ప్రైమర్ కొట్టి, రంగు కొట్టి, హీటరు పెట్టి, ఆరేదాకా దానికి వీపు చేసి కూర్చున్నాడు. రంగు అద్దంలా వచ్చింది. వెతికినా గుంట లేదు. హమ్మయ్య, పీడ విరగడైంది.

వాన వెలిసిన గంటకు మామగారు వచ్చారు.

"ఏం అల్లుడూ, మా పొట్ట కొడతావా ఏంటి?" అని నవ్వి, కళ్లు మూసుకుని, అరచేతిని బంపరు కొస నుంచి జరిపారు. మధ్యకొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"పల్లం తగిలిందా మామయ్యా?" అల్లుడు ఒకడుగు ముందుకేశాడు.

"లేదు... నున్నగానే ఉంది."

మరి చెయ్యి తీయరేం?

ఆయన మణికట్టు మీద చర్మం నొక్కుకుపోయింది. ఐదు చోట్ల.

"అల్లుడూ..." మామగారు కళ్లు తెరవలేదు. గుసగుసగా అన్నారు. "ఎవరీ అమ్మాయి? ఎందుకు ఆపలేదని... అడుగుతోంది."

షెడ్డు నేలంతా పొడిగా ఉంది. ఆయన మణికట్టు నుంచి మాత్రం వాననీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.