మూడు బయోడేటాలు

పొద్దున్న ఏడు కొట్టేసరికి కాశీబుగ్గలో ఆ వీధి సగం ఖాళీ అయిపోతుంది. ఆడవాళ్ళంతా క్యారేజీలు పట్టుకుని గుంపుగా జీడిపప్పు ఫ్యాక్టరీల దారి పడతారు. ఆ రోజూ సువర్ణమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ గుమ్మంలోంచే కూతురికి పనులు పురమాయించింది.

"లిల్లీ, పొయ్యి మీద పప్పుంది, సూసుకో. నాన్నకి మజ్జిగ ఉంచు. అవునే, ఆ టెక్కలోళ్ళ ఉత్తరం ఇయ్యాలైనా వత్తాదంటావా?"

"వస్తుందమ్మా. నువ్వెళ్ళు, గేటు మూసేస్తారు."

"ఈ ఉజ్జోగం వత్తే ఆదివారం చర్చిలో దేవుడి మేలుకి సాక్ష్యం సెప్పుకుంటాను" అంటూ సువర్ణమ్మ గుంపులో కలిసిపోయింది.

లిల్లీ తండ్రి చార్లెస్ అప్పటికే ఆటో తుడుచుకుని పలాస స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. లిల్లీ బీయస్సీ పాసై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆ ఇంట్లో రోజూ ఎదురుచూసేది పోస్ట్‌మాన్ కోసమే.

పదిన్నరకి ఉత్తరం వచ్చింది. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు మీద ఇంటింటి సర్వే చేయడానికి టెక్కలిలో ఒక సంస్థ ఆరుగురిని తీసుకుంటోంది. ఇంటర్వ్యూ బాగానే జరిగిందనుకుంది లిల్లీ. ఉత్తరం మాత్రం మూడు లైన్లే. మిమ్మల్ని ఎంపిక చేయలేకపోయినందుకు చింతిస్తున్నాం.

గుమ్మం మీదే కూలబడింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తే, టైపు చేసిన అక్షరాల కింద నీలం సిరాతో ఎవరో చేత్తో రాశారు. ఇంటర్వ్యూ చేసిన మేడమే అయివుండాలి.

'చివర్లో లేచి వెళ్ళబోతూ మీ మావయ్య సంగతి చెప్పారు. అప్పటికే మార్కులు వేసేశాం. రెండేళ్ళు మీరు ఆయన్ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళిన విషయం మీ బయోడేటాలో ఎందుకు లేదు? ఈ కాగితంలో మీరు ఎక్కడున్నారమ్మా?'

లిల్లీ లోపలికి పరిగెత్తి ట్రంకుపెట్టె తెరిచింది. ఆ బయోడేటా రెండేళ్ళ క్రితం ఇంటర్నెట్ సెంటర్ కూర్మారావు టైపు చేసి ఇచ్చినది. అతని దగ్గర ఒకటే ఫైలు ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, మార్కులు మారిస్తే ఎవరి బయోడేటా వారికి తయారు. పైన ఇంగ్లీషులో లక్ష్యం గురించి నాలుగు లైన్లు. కింద అలవాట్లు, పుస్తకాలు చదవడం, పాటలు వినడం. దాన్నే జిరాక్సులు తీయించి స్కూలుకీ, మందుల కొట్టుకీ, చిట్‌ఫండ్ ఆఫీసుకీ, సర్వేకీ అన్నింటికీ పంపింది.

నిజమే, అందులో తను లేదు. కవిటిలో మేనమామ జయప్రకాష్‌ని వారానికి రెండుసార్లు సోంపేటలో రైలెక్కించి విశాఖ తీసుకెళ్ళిన లిల్లీ లేదు. ఆయన పోయేదాకా రిపోర్టులన్నీ తారీకుల వారీగా ఫైలు చేసిన లిల్లీ లేదు. వీధిలో పన్నెండుమంది పిల్లలకి లెక్కలు చెప్పే లిల్లీ లేదు. ఇంకొకటి కూడా లేదు. అది తల్లి రాయనివ్వనిది.

పాత పేపర్లలోంచి కత్తిరించి దాచుకున్న ప్రకటనలు ముందేసుకుంది. సోంపేటలో ఒక స్కూలుకి లెక్కల టీచరు కావాలి. విశాఖలో ఒక ఆసుపత్రికి కిడ్నీ రోగులకు సాయంగా ఉండే మనిషి కావాలి. పలాస దగ్గర జీడిపప్పు ఎగుమతి చేసే కంపెనీకి పప్పు గ్రేడింగు చూసే సూపర్‌వైజరు కావాలి. ఈ చివరిదానికి దరఖాస్తు రేపు సాయంత్రంలోగా అందాలి. ఒక్కో ప్రకటనలో వాళ్ళు అడిగిన మాటల కింద గీతలు గీసింది. ఆ గీతల పక్కన తన జీవితంలో దానికి సరిపోయేది ఏముందో రాసుకుంటూ పోయింది. రాస్తున్నకొద్దీ చెయ్యి వేగం పెరిగింది. ఇన్ని పనులు చేసిందా తను!

పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

మధ్యాహ్నం కూర్మారావు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"ఒక్క మనిసికి మూడు బయోడేటాలేటమ్మా?" అన్నాడాయన కళ్ళజోడు పైకి తోసి. "కొంపదీసి అబద్ధాలు రాయించట్లేదు కదా?"

"ఒక్కటీ అబద్ధం లేదు బాబాయ్. ఇన్నాళ్ళూ రాయని నిజాలు రాస్తున్నాను. కరెంటు పోయేలోపు టైపు కొట్టీ."

స్కూలు కాగితంలో పన్నెండుమంది పిల్లల ట్యూషన్ పైకి వచ్చింది. ఆసుపత్రి కాగితంలో మావయ్య రెండేళ్ళు మొదటి లైనులో నిలబడ్డాయి. మూడోది టైపు చేస్తూ కూర్మారావు ఆగాడు.

"ఇది మీ అమ్మకి తెలుసా?"

"సాయంత్రం చెప్తాను" అంది లిల్లీ.

సాయంత్రం ఆరింటికి సువర్ణమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుంది. ఉద్యోగం రాలేదని విని కూతురి తల నిమిరి టీ పెట్టబోయింది. చార్లెస్ మాత్రం కొత్త కాగితాలు చూసి ఉత్సాహపడ్డాడు.

"ఇంగిలీసు మాకేటి తెలుస్తాది? సదివి తెలుగులో సెప్పమ్మా, ఇందాం."

రెండు కాగితాలు విని సువర్ణమ్మ మొహం విప్పారింది. తమ్ముడి పేరు వినగానే కొంగుతో కళ్ళొత్తుకుంది. లిల్లీ మూడోది అందుకుంది.

"అనుభవం. పదో తరగతి సెలవుల నుంచి డిగ్రీ మూడో ఏడు దాకా, ఆరేళ్ళ వేసవి సెలవుల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీయడం, గ్రేడింగు..."

"ఆపు!" సువర్ణమ్మ చేతిలో గిన్నె నేల మీద పడింది. "ఏటి రాసీసేవే? ఇటియ్యి!"

కాగితం లాక్కుని నలిపి ఉండ చేసింది.

"అమ్మా!"

"ఎవలికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నానా లేదా? మన ఈదోళ్ళెవలూ రాని షెడ్డుకి నిన్ను తీసుకెల్లిన సెలవుల్లో మీ టీచరుకి కూడా సుట్టాలింటికి ఎల్లిందని సెప్పేను. ఇప్పుడు నువ్వే కాగితం మీద అచ్చేయించి ఊరంతా పంచుతావా?"

"అందులో సిగ్గుపడ్డానికి ఏముందమ్మా?"

"ఏముందా? ఈ సేతులు సూడు!" జీడి రసానికి నల్లబడి, బొబ్బలెక్కి మానిన వేళ్ళు కూతురి మొహం ముందు పెట్టింది. "నిన్ను బడిలో సేర్పించిన రోజు సంతకం పెడతానని కలం అడిగేను. ఆ పెద్ద టీచరు నా సేతులకేసి సూసి కలం ఇవ్వలేదు. ఇంకు డబ్బా తోసి, ఏలిముద్ర ఎయ్యమంది. నాకు సంతకం వచ్చునే! సెప్పడానికి నోరు రానేదు. నా కూతురు ఈ షెడ్డు మనిసని ఎవలూ అనకూడదని ఆ రోజే అనుకున్నాను."

ఈ మాట లిల్లీ ఎప్పుడూ వినలేదు. చార్లెస్ కూడా వినలేదు.

తల్లి పక్కన కూర్చుని లిల్లీ ఆ వేళ్ళు పట్టుకుంది.

"ఒక్కసారి విను. వాళ్ళకి ఎలాంటి మనిషి కావాలో చదువుతాను. తర్వాత నీ ఇష్టం, చింపేయమంటే చింపేస్తాను."

సువర్ణమ్మ మొహం తిప్పుకుంది. లిల్లీ ప్రకటన చదివింది.

"డిగ్రీ ఉండాలి. గుండు, బద్ద, ముక్క చూడగానే వేరు చేయగలగాలి. చెమ్మ పట్టిన పప్పుని మిషను లేకుండా గుర్తుపట్టాలి. పనివాళ్ళకి నేర్పగలగాలి."

"సెమ్మ పప్పుకి మిసనెందుకు?" సువర్ణమ్మ అప్రయత్నంగా అనేసింది. "గుప్పిట్లో పోసి ఆడిత్తే సప్పుడే సెప్తాది."

"ఆ సంగతి ఏ కాలేజీలో నేర్పుతారమ్మా? నాకు నువ్వు నేర్పేవు."

సువర్ణమ్మ మెల్లగా చేతిలోని ఉండ విప్పి మోకాలి మీద పెట్టి సాపు చేసింది.

"సప్పుడు బట్టి సెమ్మ పట్టగలదని రాసేవా ఇందులో?"

"లేదు."

"మరి రాయకపోతే వాళ్ళకెలగ తెలుస్తాదే? పురుగు సంగతి? పొట్టు మీద సూదిమొనంత మచ్చ కనిపిత్తే లోపల పురుగుందని సెప్పీసేదానివి, అది రాసేవా? కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలకి నువ్వే గ్రేడింగు నేర్పేవు కదా, అదీ?"

"అవేవీ గుర్తు రాలేదమ్మా!"

"సదువుకున్నాది, గుర్తు రానేదంట! కలం తియ్యి, నాను సెప్తాను."

చార్లెస్ నవ్వు ఆపుకోలేకపోయాడు. సువర్ణమ్మ చెప్తుంటే లిల్లీ కాగితం రెండు వైపులా నింపింది. మర్నాడు కూర్మారావు తలుపు తీసేసరికి ముగ్గురూ ఆటోలో గుమ్మం ముందున్నారు. టైపు సగంలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి మూడున్నర. ప్రింటు తడి ఆరకుండానే చార్లెస్ ఆటోని హైవే మీద ఎగరేసినట్టు తోలాడు. ఆఫీసు మూసే పది నిమిషాల ముందు దరఖాస్తు అందింది.

స్కూలు వాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఆసుపత్రి వాళ్ళు ఈసారికి వేరేవాళ్ళని తీసుకున్నామనీ, కాగితం దాచి ఉంచామనీ రాశారు. పన్నెండో రోజున ఎస్టీడీ బూతు రత్నాలమ్మ వీధి చివరి నుంచే కేక పెట్టింది.

"లిల్లీ! జీడి కంపెనీ ఫోను! పరిగెత్తవే!"

ఇంటర్వ్యూకి సువర్ణమ్మ పని మానుకుని వచ్చింది. లోపలికి రానంటే రానని ఆటోలోనే కూర్చుంది.

మేనేజరు రామూర్తి బల్ల మీద పళ్ళెం నిండా పప్పు పోశారు. లిల్లీ వేళ్ళు కదిలాయి. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకోవైపు. నాలుగు పప్పులు విడిగా తీసి, ఇవి పురుగువి అంది. ఆయన ఒకటి విరిచి చూసి తలూపారు.

"బాగుందమ్మా. కానీ ఆరేళ్ళ అనుభవం అని రాశారు. సర్టిఫికెట్ ఏదీ?"

"షెడ్డులో పనిచేసేవాళ్ళకి సర్టిఫికెట్లు ఇవ్వరండీ. మా అమ్మ బయట ఉంది. కావాలంటే ఆవిడనడగండి."

కబురు వెళ్ళింది. సువర్ణమ్మ కొంగు చేతుల మీదుగా కప్పుకుని తలుపు దగ్గర నిలబడింది. గదిలో నలుగురు ఆఫీసర్లున్నారు.

"ఏమ్మా, మీ అమ్మాయి నిజంగా జీడి షెడ్డులో పనిచేసిందా?"

తల్లి కళ్ళలోకి లిల్లీ చూడలేకపోయింది. ఇన్నేళ్ళూ పక్కింటివాళ్ళకి కూడా చెప్పని మాట. సువర్ణమ్మ కొంగు వదిలేసి రెండడుగులు ముందుకు వేసింది.

"సేసింది బాబూ. ఆరు ఎండాకాలాలు నా పక్కనే కూకుని సేసింది. పొద్దున్న పప్పు ఒలిసి, సాయంత్రం సదువుకుంది. ఈ పళ్ళెంలో ఇది ఒక్కటైనా తప్పు ఏరితే ఆ తప్పు నాది. దీనికి పని నేర్పింది నానే."

రామూర్తి లేచి నిలబడి ఆవిడకి కుర్చీ చూపించారు.

"కూర్చోండమ్మా. ఒకటో తారీకు నుంచి మీ అమ్మాయిని పంపండి."

లిల్లీ కుర్చీలోంచి లేచి తల్లిని చుట్టేసుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఆగలేక గుమ్మం దాకా వచ్చేసిన చార్లెస్, "ఏటయింది? ఎవలైనా సెప్పండర్రా, ఏటయింది?" అని అరుస్తూనే ఉన్నాడు.