సాక్సు తొడుక్కున్న హాకీ కర్ర

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసు మధ్యలో ఒక్సానా నా కౌంటరు దగ్గరికి వచ్చింది. కాళ్లకు స్కేట్లు, చేతిలో హాకీ కర్ర, ముఖం నిండా చెమట.

"హెలెన్ ఆంటీ! మా నాన్న రింకుకి వస్తున్నాడు! మేమొక పని చేయబోతున్నాం. ఎవరికీ చెప్పకండి!"

ఎవరికీ చెప్పొద్దన్న మాట రింకంతా వినబడేలా అరిచింది. ఆ పిల్ల రహస్యాలన్నీ అలాగే ఉంటాయి!

మా విల్లోబెండ్ ఊళ్లో మంచు గడ్డ మీద హాకీ ఆడే ఈ రింకులో బంగాళాదుంప వేపుళ్లు అమ్మేది నేనే. ఒక్సానా వాళ్లది మా పక్కిల్లు. వాళ్ల నాన్న డారెన్ మా ఊరి నుంచి వెళ్లి, జీతం తీసుకుని ఐస్ హాకీ ఆడిన ఒకే ఒక్కడు. ఏళ్ల తరబడి బస్సుల్లో ఊరూరూ తిరిగి ఆడాడు. పెద్ద లీగులోనూ కొన్నాళ్లు ఆడాడు. అప్పుడు మా ఊరు ఊరంతా టీవీల ముందే కూర్చునేది.

కానీ తలకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. ఇక ఆడొద్దని డాక్టరు చెప్పేశాడు. పాపం డారెన్! ఆట అయిపోయిందన్న సంగతి ఆస్పత్రి కుర్చీలో కూర్చుని విన్నాడు.

ఇప్పుడు ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాడు. స్పూను కింద పడినా తల పట్టుకుంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మరిచిపోతాడు. వాళ్లావిడ లారిసా ఫ్రిజ్ తలుపు కూడా నెమ్మదిగా వేస్తుంది.

"ఏం పని చేస్తారే?" అని అడిగాను.

"దెబ్బ తగిలి పడినవాడు లేస్తే అందరం కర్రలతో కొడతాం కదా? అది!"

మా దగ్గర అదొక మర్యాద. గ్లౌజులతో చప్పట్లు మోగవు. అందుకని రెండు జట్లవాళ్లూ కర్రలతో మంచు మీద, చుట్టూ ఉన్న చెక్క గోడ మీద టకటకా కొడతారు. శభాష్, లేచావు అని దానికి అర్థం.

"మా నాన్న ఆట మానేసినప్పుడు ఎవరూ కొట్టలేదు. ఇవాళ మేం కొడతాం. అది వింటే మళ్లీ అదివరకటి నాన్న అయిపోతాడు!"

"ఆయనకు చప్పుడు పడదు కదే తల్లీ. అమ్మకు చెప్పావా?"

"చెప్తే వద్దంటుంది. అయినా ఇది ఉత్త చప్పుడు కాదు ఆంటీ, హాకీ చప్పుడు!"

ఒసేయ్ ఆగు అంటున్నా వినిపించుకుంటేగా! తుర్రుమంది.

అంతలోనే లారిసా చేయి పట్టుకుని డారెన్ వచ్చాడు. ఆయన కోసం కోచ్ సగం లైట్లు ఆర్పేశాడు. విజిల్ జేబులో పెట్టుకున్నాడు. డారెన్ స్కేట్లు కట్టుకుని మంచు మీద కాలు పెట్టాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

"ఇప్పుడు!" అని ఒక్సానా అరిచింది.

పిల్లలంతా ఒక్కసారిగా కర్రలతో కొట్టారు. ఆ మోతకు రేకుల కప్పు దద్దరిల్లింది. డారెన్ తల పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. కళ్లద్దాలు జారిపోయాయి.

ఒక చేయి మంచుకు ఆనించి లేవబోయాడు. పడినవాడు లేస్తుంటే మా పిల్లలు ఏం చేస్తారు? ఇంకా గట్టిగా కొట్టారు.

"ఆపండి! ఆపండర్రా!" అని ఒక్సానా ఏడుస్తూ అరిచింది.

ఆ తర్వాత చాలా రోజులు డారెన్ గది కర్టెన్లు తెరుచుకోలేదు. ఒకరోజు నేను సూపు తీసుకెళ్లాను. ఒక్సానా గది బయట నేల మీద కూర్చుని ఉంది. లోపల డారెన్ మాటలు వినబడుతున్నాయి.

"ఆ చప్పుడంటే నాకు ప్రాణం లారిసా. ఇప్పుడు అదే నన్ను కింద పడేసింది."

ఒక్సానా మోకాళ్లలో తల దాచుకుంది. లారిసా బయటికొచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, నాన్న మళ్లీ అదివరకటిలా అవుతాడా?"

లారిసా కూతురి జుట్టు సవరించింది. "అవడమ్మా. ఈ నాన్నే మన నాన్న."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు గదిలోకి వినబడకుండా నోటికి స్వెటర్ చేయి అడ్డం పెట్టుకుంది. సూపు గిన్నె అక్కడే పెట్టి నేను మెల్లగా వచ్చేశాను.

ఇంకో వారానికి, ఒక సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. కిటికీలోంచి వాళ్ల పెరడు కనబడుతుంది. అక్కడ నీళ్లు పోసి గడ్డకట్టించిన చిన్న రింకు ఉంది. వెలుతురు తగ్గాక డారెన్ మెట్ల మీదికొచ్చి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

ఒక్సానా కర్ర పట్టుకుని వచ్చింది. మళ్లీనా అనుకుంటూ కిటికీ తలుపు తీయబోయాను. తీరా చూస్తే, కర్ర చివర వాళ్ల నాన్న ఉన్ని సాక్సు తొడిగి ఉంది. జారిపోకుండా పైన టేపు కూడా చుట్టింది.

మంచు మధ్యలో నిలబడి నాన్న వైపు చూసింది. "కొట్టనా?" అని చేత్తోనే అడిగింది.

డారెన్ చాలాసేపు ఆ సాక్సు వైపే చూశాడు. తర్వాత రెయిలింగ్ పట్టుకుని, మెల్లగా లేచి నిలబడి, తలూపాడు.

ఒక్సానా కొట్టింది. చప్పుడు లేదు. కర్ర లేవడం, దిగడం, అంతే. మళ్లీ కొట్టింది. డారెన్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

నేను చప్పుడు కాకుండా కుళాయి కట్టేశాను.