కట్ట తెగే ముహూర్తం

సెమిసి తావాకే రెండో ఇడ్లీ ముట్టుకోలేదు.

తిరుపతి బైపాస్ పక్కనున్న ఆ స్టార్ హోటల్లో ఉదయం ఫలహారాల హాలు కిటకిటలాడుతోంది. పసిఫిక్ దీవుల నుంచీ ఆఫ్రికా నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వచ్చిన ప్రతినిధులు ప్లేట్లు పట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి పసిఫిక్ దీవి ప్రతినిధి సెమిసి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. చేతిలోని కాఫీ తెల్లటి టేబుల్ క్లాత్ మీద ఒలికింది. అతని పెదవులు రంగు మారడం మొదట చూసింది క్యాటరింగ్ సూపర్‌వైజర్.

ఆ సూపర్‌వైజర్ పేరు ధనంజయ. హోటల్లో మొన్ననే చేరాడు. అసలు ఉద్యోగం ఏమిటో అతని భార్యకు కూడా తెలియదు.

ఒక్క అంగలో వెళ్ళి నాడి పట్టుకున్నాడు. లేదు. కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చేదు బాదం వాసన.

"హార్ట్ ఎటాక్. కాస్త గాలి ఆడనివ్వండి," అన్నాడు అందరికీ వినబడేలా.

స్ట్రెచర్ వచ్చి వెళ్ళాక, దుప్పట్లు దాచే స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నున్నటి గుండు, దాని మీద చందనం, భుజాన చేతిసంచి. కొండ దిగి వచ్చిన వేల మంది భక్తుల్లో ఒకరిలా ఉంది. ఆమె ప్రసూనాంబ, అతని గూఢచారి విభాగానికి చీఫ్. గుండు నిజంగానే చేయించుకుంది.

"సైనైడ్?" అంది.

"అవును మేడం. కాఫీలో. వెయిటర్ కనబడటం లేదు."

"గొడుగు పని మొదలైందన్నమాట."

గొడుగు అన్నది విభాగం పెట్టిన కోడ్ పేరు. తుఫాన్లకూ కరువులకూ బలయ్యే పేద దేశాలు కట్టలు కట్టుకోవడానికీ షెల్టర్లు లేపుకోవడానికీ ఒక అంతర్జాతీయ నిధి ఉంది. దాని బోర్డు ఈసారి తిరుపతిలో సమావేశమైంది. ఆ సొమ్ము నేరుగా ఆ దేశాల చేతికే ఇవ్వాలా, లేక ప్రైవేటు మధ్యవర్తుల ద్వారా అప్పుగా ఇవ్వాలా అన్నదాని మీద ఇవాళ ఓటింగ్. ఆ మధ్యవర్తుల వెనకున్న విదేశీ ముఠాయే గొడుగు. వానలో తడిసేవాళ్ళకు గొడుగు అద్దెకిచ్చి ఇల్లు రాయించుకునే రకం.

"మధ్యాహ్నం బోర్డు అధ్యక్షుడు ఈ హోటల్ సమావేశపు హాల్లో బటన్ నొక్కుతాడు," అంది ప్రసూనాంబ. "ఐరాల దగ్గర గుండ్లకోన చెరువు గేట్లు అక్కడ తెరుచుకుంటాయి. నిధి డబ్బుతో కట్టిన మొదటి ఆటోమేటిక్ గేట్లు. పెద్ద స్క్రీన్ మీద లైవ్. ఆ వెంటనే ఓటింగ్."

"సెమిసి ఒక్కడు పోతే ఓటింగ్ మారదు కదా మేడం."

"మారదు. అతనికేదో తెలిసింది, అందుకే పోయాడు. లోహిత మెసేజ్ పంపింది. బాంబు ఆ హాల్లోనే ఉందట. బటన్ నొక్కగానే పేలుతుందట. వెళ్ళి వెతుకు."

లోహిత గొడుగులో విభాగం పెట్టిన మనిషి. చిత్తూరు బజారువీధి బియ్యం వ్యాపారి కూతురు. ఇప్పుడు జెనీవాలో క్లైమేట్ ఫైనాన్స్ కన్సల్టెంట్. ఆమె నడిచివస్తే మంత్రులు మాట మధ్యలో ఆపి చూస్తారు.

జాగిలాలు హాలంతా తిరిగాయి. వేదిక కింద, స్పీకర్ల వెనక, పూలకుండీల్లో ఎక్కడా ఏమీ దొరకలేదు. ధనంజయ ట్రేలో టీ కప్పులు పెట్టుకుని మొదటి వరసకు వెళ్ళాడు. నల్ల పట్టుచీర, మెడలో ఒకే ఒక్క ముత్యం, కాలు మీద కాలు. లోహిత ఫోన్ చూసుకుంటోంది.

"చక్కెర వేయమంటారా మేడం?"

"బెల్లం ఉంటే వేయండి," అంది ఆమె. మాట్లాడవచ్చు అని దానర్థం. పెదవులు కదలకుండా అడిగింది. "దొరికిందా?"

"వెతుకుతున్నాం."

"త్వరగా కానీ," అని కప్పు అందుకుంది.

ధనంజయ వెనుదిరిగాడు. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

ఈ హాల్లో బాంబు ఉందని చెప్పిన మనిషి, మొదటి వరసలో కూర్చుని తీరిగ్గా టీ ఊదుకుని తాగుతోంది. బటన్ ఇక్కడ నొక్కినా, కదిలే గేట్లు గుండ్లకోనలో.

తిరిగి ఆమె దగ్గరికి వెళ్ళి వంగాడు. ట్రే మీది నేప్‌కిన్ అంచు కాస్త ఎత్తి, కింద ఉన్న పిస్టల్ చూపించాడు.

"లే లోహితా. బయట కారుంది. గుండ్లకోన చూసొద్దాం."

ఆమె చేతిలో కప్పు సాసర్‌కి తగిలి చప్పుడైంది. అతనికి జవాబు దొరికిపోయింది.

*

వాయుగుండం రాయలసీమ మీదే కూర్చున్నట్టుంది. పాకాల రోడ్డు మీద వాన అడ్డంగా కొడుతోంది. వైపర్లు ఎంత ఆడినా ముందున్న లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. లోహిత మణికట్టును డోర్ హ్యాండిల్‌కి బేడీ వేసి, ధనంజయ బండి తోలుతున్నాడు.

"ఎప్పటి నుంచి?"

ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. "ఎన్ని దేశాల ఫైళ్ళు పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగానో నీకు తెలియదు. ఒక్కటీ కదల్లేదు. ఊళ్ళు మునిగాక సానుభూతి సందేశాలు మాత్రం వచ్చేవి. గొడుగు వాళ్ళు ఫోన్ చేస్తే సాయంత్రానికి సంతకాలయ్యేవి. పని జరిగే చోట ఉండాలనుకున్నాను."

"సెమిసిని చంపడం పనేనా?"

"అది నాకు చెప్పలేదు," అంది. "కట్ట సంగతి చెప్పారు. గేట్లు లేచే క్షణంలో పేలుతుంది. స్క్రీన్ మీద చూసేవాళ్ళకు గేట్ల వల్లే కట్ట తెగినట్టుంటుంది. ఆ తర్వాత ఏ చిన్న దేశానికీ ఎవరూ నేరుగా డబ్బు ఇవ్వరు. పొలాలే మునుగుతాయి, అంతే అన్నారు."

"కట్ట కింద ఊరుంది."

"ఖాళీ చేయించామన్నారు."

"ఎవరు చేయించారు?"

ఆమె కాణిపాకం ఆర్చి దాటాక మెల్లగా చెప్పింది. కట్ట మీద టీవీ లైవ్ వ్యాన్‌లో గొడుగు మనిషి, వాన్స్ అనేవాడున్నాడు. తూము గదిలో పేలుడు పదార్థం, వాడి చేతిలో రిమోట్. కార్యక్రమం ఆగినా, ఊరు కదిలినా అప్పటికప్పుడే నొక్కేస్తాడు. అక్కడి నుంచి వాడికి ఊరంతా కనబడుతుంది.

ధనంజయ ఇయర్‌పీస్‌లో ఆ మాటలే ప్రసూనాంబకు చేరవేశాడు.

"అయితే కార్యక్రమం నడవాలి," అంది ఆమె. "నేను సాగదీస్తాను. ఉపన్యాసాలకు ఇక్కడ కరువేం లేదు."

*

కట్ట కింది గుండ్లపల్లె ఖాళీగా లేదు. ఇళ్ళల్లోంచి పొయ్యిల పొగ లేస్తోంది. బడి వరండాలో పిల్లలు చేతులు చాచి చూరునీళ్ళు పట్టుకుంటున్నారు. వాళ్ళ తలల పైన, ఊరి కొసన, గుండ్లకోన కట్ట గోడలా నిలబడి ఉంది.

మొదటి ఇంటి పంచలో ఒక ముసలామె వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. ధనంజయ మెడలో టీవీ చానెల్ కార్డు వేసుకుని, లోహిత బేడీ విప్పాడు. ఇద్దరూ ఆ పంచలోకి తడుస్తూ వచ్చారు.

"ఎవురు నాయనా? టీవీ వోళ్ళా?" అంది ఆమె. "కూసోండి. ఈ వానలో యాడికి పోతారు. నా పేరు శకుంతలమ్మ. నా పేరు గూడా సెప్తారా టీవీలో?"

"చెప్తాం అమ్మా."

"పోయిన తూరి వాన్లకి ఈ కట్ట కారింది నాయనా. పిల్లాజెల్లా ఎత్తుకోని గుట్టెక్కినాం. మా ఆయన ఎద్దుల్ని ఇప్పేదానికని ఎనక్కి పోయినాడు. మళ్ళ రాలేదు." వేళ్ళు ఆగకుండా కాయలు ఒలుస్తూనే ఉన్నాయి. "ఇప్పుడు యా దేశమోళ్ళో దుడ్డిచ్చి గట్టిగా కట్టించినారంట. వాళ్ళు సల్లగుండాల." తలెత్తి అతని మొహంలోకి చూసింది. "ఏమబ్బా, మొగం అట్లుండాది? నీళ్ళొచ్చేది ఏమన్నా ఉండాదా? ఉంటే సెప్పు. పిల్లోళ్ళని పంపించేస్తాం."

ఊరు కదిలితే వాడు నొక్కేస్తాడు.

"ఏమీ లేదమ్మా. భయం లేదు."

ముసలామె తల ఊపి, గుప్పెడు కాయలు తీసి లోహిత చేతిలో పోసింది. "తినుమ్మా. తడిసిపోయినావు."

లోహిత ఆ కాయల వంక చూస్తూ నిలబడింది. కారు దగ్గరికి వచ్చాక అంది. "నువ్వూ నాలాగే అబద్ధం చెప్పావు."

"అవును. దాన్ని నిజం చేయడానికి నాకు పావుగంట ఉంది. నువ్వు కావాలి."

డిక్కీలోంచి స్టీల్ టిఫిన్ క్యారియర్ తీశాడు. పై గిన్నెలో జామర్. రిమోట్ తరంగాలను అడ్డుకుంటుంది. అయితే వ్యాన్ లోపల, వాడి పక్కనే ఉండాలి. వాన్స్ తలుపు తీసేది లోహితకు మాత్రమే.

"వాడికి తెలిస్తే?" అంది.

ధనంజయ క్యారియర్ ముందుకు చాచాడు. ఆమె క్యారియర్ అందుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కట్ట ఎక్కసాగింది. పారిపోతే ఆపేవాళ్ళు లేరు. ఆమె పారిపోలేదు.

*

ధనంజయ అవతలి వైపు నుంచి వెళ్ళాడు. కట్టకు నీటి వైపు పరిచిన రాళ్ళను పట్టుకుని, గడ్డం దాకా మునిగి, తూము గది వైపు జరిగాడు. చెరువు అంచు దాకా నిండి బరువుగా ఊగుతోంది. చెవిలో ప్రసూనాంబ గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఇద్దరు మాట్లాడారు. మూడో ఆయన్ని లేపాను. సన్మానం పెట్టించాను. శాలువాలు అయిపోయాయి. ధనంజయా, అధ్యక్షుడు లేచాడు. ఇక ఆపలేను."

తూము గది తాళం పగలగొట్టి లోపలికి దూకాడు. మోటార్ల కింద, గోడకు ఆనించి, సిమెంటు బస్తాల చాటున బూడిదరంగు పెట్టె. మూత తీశాడు. తీగలన్నీ ఒకే రంగు. కట్టినవాడు తెలివైనవాడు. ధనంజయ వేళ్ళతో ఒక్కొక్క తీగనూ తడుముతూ డిటొనేటర్ వైపు వెళ్ళాడు.

పైన మోటార్లు గుర్రుమన్నాయి. తిరుపతిలో బటన్ నొక్కారు. గేట్లు కదిలాయి.

వ్యాన్‌లో వాన్స్ రిమోట్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. తలతిప్పి చూస్తే, భోజనం తెచ్చానని వచ్చిన లోహిత తలుపు దగ్గర క్యారియర్‌ను రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడి ఉంది. మూత సందులోంచి ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"అది ఇటివ్వు," అన్నాడు ఇంగ్లిష్‌లో.

ఆమె ఇవ్వలేదు.

మొదటి తూటా చప్పుడు ధనంజయకు గోడల్లోంచి వినబడింది. అతని వేళ్ళు అప్పుడే అసలు తీగ మీద పడ్డాయి. రెండో తూటా. క్యారియర్ నేలమీద పడి దొర్లిన చప్పుడు. వాన్స్ దాన్ని బూటుకాలితో తొక్కి చితక్కొట్టాడు. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. రిమోట్ పైకెత్తి బటన్ మీద వేలు ఆనించాడు.

ధనంజయ కటర్ నొక్కాడు. పుటుక్కుమంది. మరు క్షణమే పెట్టె మీద ఎర్రదీపం వెలిగి, ఏమీ చేయలేక అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

అతను బయటికి వచ్చేసరికి వాన్స్ పిస్టల్‌తో తూము గది వైపు పరిగెత్తుకొస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి కాల్చారు. ధనంజయ భుజం మండింది. వాన్స్ మోకాళ్ళ మీద కూలి, తడి రాళ్ళ మీంచి జారి చెరువులో పడ్డాడు. సగం లేచిన గేటు అతన్ని లోపలికి లాక్కుంది. అంతే.

గేట్ల కింద నుంచి నీళ్ళు తెల్లగా దూకి కాలువలో పడి, ఊరి పక్కనుంచి క్రమంగా సాగిపోయాయి. స్టాండు మీది కెమెరా ఆ ఒక్క దృశ్యాన్నే చూస్తోంది. చెవిలో తిరుపతి హాలు చప్పట్లతో హోరెత్తింది.

లోహిత వ్యాన్ మెట్టు పక్కన, కెమెరాకు అందని చోట పడి ఉంది. ధనంజయ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నల్లచీర మీద రక్తం కనబడటం లేదు. తాకితే మాత్రం వెచ్చగా తగులుతోంది.

"ఆ అవ్వ..." అంది. జెనీవా యాస ఎక్కడికో పోయింది. "ఆ అవ్వ ఆడే ఉండాదా?"

ధనంజయ కట్ట కింద ఊరి వైపు చూశాడు.

"ఉండాది," అన్నాడు. "సెనిక్కాయలు ఒలుస్తా ఉండాది."

ఆమె ఇంకేమీ అడగలేదు.

*

సాయంత్రం చిత్తూరు ఆసుపత్రి వరండాలో ఫినాయిల్ వాసన. శవాల గది ముందు బల్ల మీద లోహిత తండ్రి కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతుల మీద బియ్యపు దుమ్ము ఇంకా అలాగే ఉంది. పొద్దుటి దాకా కూతురు విదేశంలో ఉందనే అనుకున్నాడు. ఈ ఊళ్ళోకి ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళు లేక, వచ్చేపోయే నర్సుల మొహాల వంక చూస్తున్నాడు.

భుజానికి కట్టుతో ధనంజయ దూరంగా గోడకు ఆనుకున్నాడు. ప్రసూనాంబ గుండు మీదికి కొంగు లాక్కుని పక్కన నిలబడింది.

"రికార్డులో ఆమె గురించి ఏం రాస్తారు మేడం?"

"మన ఏజెంట్. డ్యూటీలో చనిపోయింది."

"అది నిజమేనా?"

"ఆఖరి పావుగంట నిజం. అంతే చాలు, వాళ్ళ నాయనకి," అంది. "ఓటింగ్ అయిపోయింది. నిధులు నేరుగా చిన్న దేశాలకే. మొదటి విడత సెమిసి వాళ్ళ దీవికి."

"ఎప్పుడిస్తారు?"

"ముందు నిపుణుల కమిటీ వేస్తారు. ఆ దీవికి నిజంగా ముంపు ఉందో లేదో అధ్యయనం చేస్తారు. ఆ రిపోర్టు రాగానే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

ప్రసూనాంబ చేతిసంచి భుజాన వేసుకుంది.

"సముద్రం తొందరపడకపోతే, మూడేళ్ళు."