తువాలు కింది పాస్‌వర్డ్

పొద్దున ఏడుంబావుకు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక, దూది బేళ్ల మధ్య, ధనుంజయ అనే గుమాస్తా కుప్పకూలిపోయాడు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. ఒకే గుండు. ఆ కాస్త చప్పుడూ బేళ్ల ప్రెస్సు మోతలో కలిసిపోయింది.

మిల్లులో అతను గుమాస్తా. ప్రత్యేక నిఘా విభాగంలో కొరియర్. చంపినవాళ్లు అతని జేబులు, చెప్పులు, టిఫిన్ క్యారియర్ అన్నీ వెతికారు. అతను చివరగా సుద్దతో నంబరు వేసిన బేలును మాత్రం చూడలేదు.

ఆ బేలులో దొరికిన పెన్‌డ్రైవ్ మధ్యాహ్నం రెండున్నరకు ఎమ్మిగనూరు ఎద్దుల సంతకు చేరింది. బీడీకి నిప్పిచ్చే నెపంతో వచ్చిన విభాగం మనిషి ఒకడు, దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి ఏజెంట్ జయరాం చేతికిచ్చి జనంలో కలిసిపోయాడు.

జయరాం ఆ రోజు ఎద్దులు కొనవచ్చిన రైతు. తలపాగా, భుజం మీద తువాలు, పక్కన దాణా మూట. మూటలో గానుగపిండి కింద లాప్‌టాప్. కాస్త దూరంలో గొర్రెల వ్యాపారుల వేషంలో మరో నలుగురు విభాగం మనుషులు.

చేతి గడియారం చురుక్కుమని చిన్న షాక్ కొట్టింది. చీఫ్ పిలుస్తున్నారన్నమాట. జయరాం చెవి గోక్కుంటున్నట్టుగా ఇయర్‌పీస్ నొక్కాడు.

"జొన్నలు ఎండాయా?" ఢిల్లీ నుంచి చీఫ్ అనురాధ గొంతు గుర్తుమాట పలికింది.

"వాన పడకుంటే చాలు, మేడం."

"విను. కోబాల్ట్ ముఠా ఆయుధాలను మనకు పట్టించిన పదిహేడు మంది పేర్లు, ఊళ్లు, ఫొటోలు ఆ ముఠా చేతికి చిక్కాయి. లిస్టు వాళ్ల సర్వర్‌లో తాళం పడి ఉంది, ఇంకా వాళ్లెవరూ తెరిచి చూడలేదు. సరిగ్గా నాలుగింటికి ముఠా మనుషులందరికీ వెళ్లిపోతుంది. తెల్లారేసరికి పదిహేడు శవాలు. నీ చేతిలో ఉన్న ప్రోగ్రాం ఆ లిస్టును చెరిపేస్తుంది. కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి, ఒక్క నిమిషం నడిపించు. అంతే."

"ఆ ప్రోగ్రాం మీకే పంపేస్తే?"

"పంపడానికైనా ఇంటర్నెట్ ఉండాలి కదా, జయరాం."

ఆ లిస్టులో తొమ్మిదో పేరు జయరాంకు బాగా తెలుసు. కౌతాళం ఉచ్చీరప్ప. నలభై ఏళ్లుగా ఎద్దుల బ్రోకరు, ఇరవై ఏళ్లుగా విభాగానికి కళ్లూ చెవులూ. ఆ మనిషి పది అడుగుల దూరంలో ఒక కోడె నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. తన చావుకు టైము పెట్టారని ఆయనకు తెలియదు.

గంటన్నర టైముంది. చాలనుకున్నాడు జయరాం.

అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు.

టీ కొట్టు చౌడమ్మ చల్లగా చెప్పింది. "యాడిదప్పా నెట్టు? మురిక్కాలువ తవ్వుతా జేసీబీ వాడు వైరు తెంపేసినాడు. పొద్దున్నుంచి ఊరంతా ఇంతే."

సరే, ఫోన్ ఉంది. విభాగం ఇచ్చిన ఫోన్. నీళ్లలో పడినా, నిప్పులో పడినా పనిచేస్తుంది. హాట్‌స్పాట్ నొక్కాడు. 'ఈ సౌకర్యాన్ని మీ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు.'

"మేడం, మన ఫోనే మనకు అడ్డం పడుతోంది!"

"సెక్యూరిటీ రూలు. ఐటీ వాళ్ల అనుమతి కావాలి. రిక్వెస్ట్ పెట్టాను."

"ఏమంటున్నారు?"

"'పరిశీలనలో ఉంది' అని వచ్చింది."

జయరాం పళ్లు నూరుకుని, అంగీ లోపలి జేబులోంచి సొంత ఫోన్ తీశాడు. హాట్‌స్పాట్ ఆన్ అయింది. లాప్‌టాప్ కలిసింది. మూడు నెలలుగా ఇంటర్నెట్ ముఖం చూడని ఆ లాప్‌టాప్, కలవడమే ఆలస్యం, అడగకుండానే అప్‌డేట్ మొదలుపెట్టింది. దాన్ని ఆపే మీట వెతికేలోగా ఫోన్‌కు మెసేజ్. 'మీ నేటి డేటా నూరు శాతం పూర్తయింది.'

రీచార్జ్ చేయబోయాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. సంత నిండా వేలమంది, ఉన్నది ఒక్క టవర్. మరో ముగ్గురి ఫోన్లు అడిగి తీసుకుని చూశాడు. మూడింటిలోనూ అదే చక్రం.

"నాది ఇస్తునప్పా," అంది చౌడమ్మ జాలిగా, "కానీ బటన్ల ఫోను. దాంట్లో నీ పని కాదు." అని, స్టూలు జరిపి నీడలో వేసింది. అడగకుండానే మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. అంత చికాకులోనూ జయరాం దాన్ని ఒక్క గుక్కలో తాగేశాడు.

మూడుంబావు. లాప్‌టాప్‌ను గోనె చాటున తెరిచాడు. ఎండకు తెర మీద తన ముఖమే కనిపించింది తప్ప అక్షరం కనిపించలేదు. అంతలో పక్కనున్న ఎద్దు ఒకటి అడుగు జరిగి నిలబడింది. దాని నీడ సరిగ్గా తెర మీద పడింది. అందుబాటులో ఉన్న హాట్‌స్పాట్‌ల వరుస కనిపించింది. వాటిలో ఒక్కదానికే నిండా సిగ్నల్ ఉంది. పేరు అల్మాస్.

జయరాం తలెత్తాడు. ముప్పై గజాల అవతల షామియానా. కింద నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు చీర, చెవులకు పెద్ద జుంకాలు. అల్మాస్. పక్కన మార్టెన్, కోబాల్ట్ ముఠా నాయకుడు, పైకి పత్తి కొనే దొర. వెనక అతని మనుషులు ఇద్దరు. అతని కారు మీద సిగ్నల్ బూస్టర్ ఉంది. అతని లాప్‌టాప్ కూడా అల్మాస్ ఫోన్‌తోనే ఇంటర్నెట్‌కు కలిసి ఉంది. ఊరి వైరు తెగితే దొంగకూ తెగినట్టే కదా.

అల్మాస్ మార్టెన్‌కు దుబాసీ. విభాగానికి గూఢచారి. నిజంగా ఎవరి మనిషో విభాగంలో సగం మందికి అనుమానమే. ఆమె జుంకాలో ముఠా పెట్టిన మైకు ఉంది. ఆమె పలికే ప్రతి మాటా ముఠా వింటుంది, ఫోన్ తెర మీది ప్రతి అక్షరమూ చూస్తుంది.

జయరాం లేచి, దాణా మూటను బోర్లించి దులిపాడు. 'నా దగ్గర ఏమీ లేదు, నువ్వే దిక్కు' అని విభాగం సంకేతం.

అల్మాస్ కళ్లద్దాలు సర్దుకుంది. మార్టెన్ వైపు వంగి ఏదో నవ్వుతూ చెప్పి, గొంతు పెంచింది. "ఓ ఉచ్చీరప్పన్నా! ఇట్ల రా. దొరకు కోడె కావాలంట, బేరం చెయ్."

మార్టెన్‌కు ఆమె ముంబై పిల్ల. ఆదోని ఎద్దుల వ్యాపారి అబ్బాస్ అలీ కూతురని, నడక రాకముందే సంతలు తిరిగిందని అతనికి తెలియదు.

ఉచ్చీరప్ప వెళ్లాడు. చేయి చాచి, పైన తువాలు కప్పాడు. అల్మాస్ చేయి ఆ తువాలు కిందికి వెళ్లింది.

"ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అన్నాడు మార్టెన్.

"బేరం," అంది అల్మాస్, తానూ ఇప్పుడే నేర్చుకున్నదానిలా. "రేటు పక్కవాడికి తెలియకుండా వేళ్లతోనే చెప్పుకుంటారు. పట్టుకున్న వేళ్లెన్నో అది అంకె. పిడికిలి మూస్తే సున్నా."

మార్టెన్ పగలబడి నవ్వాడు. "ఇంకా ఏ కాలంలో ఉన్నారు!"

అతని ముక్కు కిందే హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఎనిమిది అంకెలూ చేతులు మారాయి. ఉచ్చీరప్ప తాపీగా జయరాం దగ్గరికి వచ్చి, అదే తువాలు కప్పి, అవే వేళ్లు నొక్కాడు. నాలుగు, ఒకటి, రెండు, పిడికిలి, మూడు, అయిదు, రెండు, అయిదు.

మూడూ యాభై నాలుగు. జయరాం 41203525 కొట్టాడు.

'పాస్‌వర్డ్ తప్పు.'

మళ్లీ కొట్టాడు. తప్పు. మోసం చేసిందా? అనుమానపడ్డవాళ్లే గెలిచారా? షామియానా కింద అల్మాస్ అతన్నే చూస్తోంది. ఆ చూపు మోసగత్తె చూపులా లేదు. ఇంకా ఎందుకు ఆలస్యం చేస్తున్నావని అడుగుతున్నట్టుంది.

"ఉచ్చీరప్పా," అన్నాడు జయరాం పళ్ల బిగువున, "ఆమె చెప్పిందే చెప్పినావా?"

"అదేందప్పా అట్లంటావు? సెప్పిందే సెప్తి." ఉచ్చీరప్ప ఆగాడు. తన అరచేతిని తానే తిప్పి చూసుకున్నాడు. నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! అప్పా... పైన అయిదు నాది."

"నీదా?"

"అమ్మేటోని మాట కొనేటోనికి సేర్సేటప్పుడు పైన అయిదు కలిపి సెప్పేది కదా మా బ్రోకర్ల పద్ధతి. నలభై ఏండ్లు సేసిన సెయ్యి, దానికదే కలిపేసిండాది. ఆయమ్మ కడాకు పిడికిలే మూసింది."

ఆ మనిషిని కౌగిలించుకోవాలో తన్నాలో జయరాంకు అర్థం కాలేదు. రెండింటికీ టైము లేదు. 41203520.

కలిసింది.

మూడూ యాభై ఏడు. ప్రోగ్రాం మొదలైంది. పది శాతం. పంతొమ్మిది. ఎద్దు తోక విసిరింది, నీడ జరిగింది, తెర మాయమైంది. "హో... నిలు నాయనా," అని ఉచ్చీరప్ప ముకుతాడు పట్టుకుని దాన్ని మళ్లీ నీడకు తెచ్చాడు. అరవై ఒకటి. అక్కడ ఆగింది. డెబ్బై రెండు. తొంభై. నాలుగింటికి మూడు సెకన్లు ఉండగా తెర మీద ఒకే ఒక మాట కనబడింది. 'చెరిపివేయబడింది.'

షామియానా కింద మార్టెన్ లాప్‌టాప్‌ను తేరిపార చూశాడు. సర్వర్ ఖాళీ. అతని చూపు అల్మాస్ మీదికి, చేయి కోటు లోపలికి వెళ్లాయి. పిస్తోలు సగం బయటికి వచ్చేసరికి ఆ చేతి మీద తువాలు పడింది.

"బేరం కుదిరింది దొరా," అన్నాడు, తెర మీద ఆ మాట కనబడగానే ఎద్దును వదిలి షామియానాకు పరుగెత్తుకొచ్చిన ఉచ్చీరప్ప, తువాలు కింద అతని రెండు వేళ్లు వెనక్కి విరుస్తూ. "మాట మీద నిలబడల్ల."

మార్టెన్ పెట్టిన కేకకు ఎద్దులు బెదిరాయి. గొర్రెల వ్యాపారుల వేషంలో ఉన్న నలుగురు విభాగం మనుషులు అతన్నీ అతని ఇద్దరు మనుషులనూ కారెక్కించారు. అల్మాస్ జుంకా తీసి చౌడమ్మ టీ గ్లాసులో పడేసింది.

"దాంట్లో వేస్తివేమ్మా, తాగేది!" అంది చౌడమ్మ.

నాలుగుంబావుకు వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఉచ్చీరప్ప మిరపకాయ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఈ సాయంత్రం ఆ మనిషి కౌతాళం బస్సెక్కి ఇంటికి పోతాడు. జయరాంకు బజ్జీ ఇంకాస్త రుచిగా అనిపించింది.

విభాగం ఫోన్ మోగింది. ఐటీ వాళ్ల మెసేజ్. 'మీ హాట్‌స్పాట్ అభ్యర్థన ఆమోదించబడింది. గడువు: నేటి సాయంత్రం నాలుగు గంటల వరకు. మా సేవకు అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారు?'

"ఏమంటాండారప్పా?" అన్నాడు ఉచ్చీరప్ప.

జయరాం చెప్పాడు. తర్వాత ఆయన చేతిని తువాలు కిందికి లాక్కుని, పిడికిలి మూసి చూపించాడు. ఉచ్చీరప్ప ఫోన్ అందుకుని, ఆ పిడికిలి అంకెనే వెతికి నొక్కాడు. ఈసారి పైన ఏమీ కలపలేదు.