ఆరో ఇంజెక్టర్

“పాన్‌గల్‌లో వాన పడ్డదా?”

“దుక్కి తడవలే.”

కోడ్ సరిపోయింది. ఫోన్‌లో చీఫ్ వెంకటేశం గొంతు తగ్గించాడు. “అఖిలేష్, విను. ఒక విదేశీ ముఠా తన ఇంజన్ కంప్యూటర్‌ను డ్రైవర్ మౌలాలి ఆక్సిజన్ ట్యాంకర్‌లో పెట్టించాలని చూస్తోంది. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. బిగించెయ్. సిగ్నల్ అందుకునేవాణ్ణి మేం పట్టుకుంటాం.”

“మౌలాలన్నకు చెప్పనా?”

“నో. టాప్ సీక్రెట్.”

వనపర్తిలో రెండేళ్లుగా లారీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ అఖిలేష్‌కు, అన్న అని పిలిచే మనిషిని ఎరగా వాడటం ఇదే మొదలు. కాదనలేకపోయాడు.

ఆ కంప్యూటర్ పెట్టెను సంధ్య తెచ్చింది. గద్వాల పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. జీతం ముఠా దగ్గర, విధేయత మన దగ్గర. “ట్రాన్స్‌మిటరే. ఇంకేం లేదు,” అంది. ఆమెను చూస్తూ అఖిలేష్ కంప్యూటర్ బిగించాడు. అదే కొంప ముంచింది. కంప్యూటర్ మార్చాక ఆరు ఇంజెక్టర్ల మీదున్న కోడ్ నంబర్లు దానికి ఎక్కించాలి. లేకపోతే దేనికి ఎంత డీజిల్ ఇవ్వాలో దానికి తెలియదు. మహా ఏజెంటే గానీ, ఆ ముక్క మర్చిపోయాడు. నంబర్లు రాసుకున్న చీటీ జేబులోనే ఉండిపోయింది.

“పాతదాంట్ల నీళ్లు పోయినయన్నా,” అని మౌలాలికి అబద్ధం చెప్పాడు.

“నువ్వుండంగ నాకేం పరేషాన్ తమ్మీ,” అంటూ మౌలాలి టిఫిన్ విప్పి సగం రొట్టె చేతిలో పెట్టాడు. ఛీ, ఏం బతుకురా అనుకుంటూ తిన్నాడు అఖిలేష్.

మూడో రోజు మధ్యాహ్నం నాగర్‌కర్నూల్ దవాఖానకు పోతూ బిజినేపల్లి నుంచి మౌలాలి ఫోన్. “తమ్మీ, బండి నిలబెడితే ఇంజన్ ఊగుతుంది. ఇంజన్ మీటర్ ముల్లు ఐదొందలకు పడ్తది, తొమ్మిదొందలకు లేస్తది. నిన్న గద్వాల దవాఖానల గిట్లనే వణికింది. నా కాలే సక్కగ పడ్తలేదేమో, తెల్వదు.”

తప్పు నాది, తిట్టుకునేది తన కాలును! అఖిలేష్ ఉలిక్కిపడ్డాడు. “వస్తున్నన్నా,” అని ల్యాప్‌టాప్ బ్యాగులో వేసి బైక్ ఎక్కాడు.

నాగర్‌కర్నూల్ దవాఖాన వెనక ట్యాంకర్ నిలబడి ఉంది. ఇంజన్ నడుస్తుంటేనే పంపు ఆక్సిజన్ ఎక్కిస్తుంది. అఖిలేష్ దాన్ని ఆపించి, కేబుల్ తగిలించి, కీ ఆన్ చేసి, చీటీ చూసుకుంటూ ఆరు కోడ్లూ ఎక్కించాడు. స్టార్ట్. ముల్లు ఆరొందల యాభై దగ్గర ఆగి, మళ్లీ కదల్లేదు.

“శభాష్ తమ్మీ! పానం లేచొచ్చింది,” అన్నాడు మౌలాలి. అఖిలేష్ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

మౌలాలి పంపు మళ్లీ నడిపించాడు. నాలుగు నిమిషాల తర్వాత సంధ్య ఫోన్. “నన్నూ మోసం చేశారు. అందులో బాంబు ఉంది. బండి నిలబెట్టినప్పుడు ఇంజన్ ఐదు నిమిషాలు నిలకడగా తిరిగితే పేలుతుంది. అంతసేపు ట్యాంకర్ నిలబడేది దవాఖానలోనే. నిన్న గద్వాలలో ఇంజన్ ఊగబట్టి బతికారు.”

“ఆపేస్తా.”

“టైమర్ మొదలయ్యాక ఆపితే అప్పుడే పేలుతుంది!”

అఖిలేష్ వాచీ చూశాడు. స్టార్ట్ చేసి నాలుగు నిమిషాల నలభై సెకన్లు. లోపల వార్డులో జనం. పై ప్రాణాలు పైనే పోయాయి. క్యాబిన్ వెనక సందులోకి చెయ్యి దూర్చాడు. కాలుతున్న ఇంజన్‌కు చర్మం అంటుకుంది. ఆరో ఇంజెక్టర్ కనెక్టర్ దొరికింది. జారింది. మళ్లీ దొరికింది. పీకాడు.

ఇంజన్ దగ్గింది. ముల్లు పడింది, లేచింది, మళ్లీ పడింది. నాలుగు నిమిషాల యాభై ఎనిమిది.

“గదేంది, బాగుచేసింది మల్ల ఖరాబు చేస్తివి?” అన్నాడు మౌలాలి.

అఖిలేష్ అంతా చెప్పేశాడు. వేషం, పెట్టె, అబద్ధం, బాంబు. మౌలాలి పైపు విప్పేసి స్టీరింగ్ ఎక్కాడు. “దిగన్నా, నేను తోల్త,” అన్నాడు అఖిలేష్. మౌలాలి దిగలేదు. అఖిలేష్ పక్కన ఎక్కాడు. ఊరి బయట బీడు దాకా మౌలాలి బండి తోలాడు. వణుకుతున్న ఇంజన్‌ను అలాగే వదిలి ఇద్దరూ దూరంగా వచ్చి నిలబడ్డారు.

“తప్పయింది అన్నా.”

“దేశం పని అంటున్నవ్. మరి నన్నొక్క మాట అడిగితే నేను వద్దంటుంటినా?”

కాలిన చెయ్యి కంటే ఆ ప్రశ్నే అఖిలేష్‌కు ఎక్కువ మండింది.

సాయంత్రానికి బాంబు స్క్వాడ్ పెట్టె విప్పింది. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ను బట్టి గద్వాల లాడ్జిలో చీరల వ్యాపారి వేషంలో ఉన్న ముఠా నాయకుడు దొరికాడు. నెల తిరక్కుండా అఖిలేష్‌కు పతకం వచ్చింది: ‘ఇంజెక్టర్ కోడ్లను వ్యూహాత్మకంగా ఎక్కించకుండా శత్రువును అడ్డుకున్నందుకు.’

“సార్, వ్యూహం కాదు. మర్చిపోయిన.”

“మర్చిపోయినందుకు పతకం ఇచ్చే రూల్ లేదయ్యా,” అన్నాడు చీఫ్.

పతకం జేబులో పెట్టుకుని అఖిలేష్ తన మెకానిక్ షెడ్డుకొచ్చాడు. అదే పూట మౌలాలి ట్యాంకర్ ఆ షెడ్డు ముందు నుంచే, హారన్ కూడా కొట్టకుండా, బిజినేపల్లిలో కొత్త మెకానిక్ దగ్గరికి వెళ్లింది.