కాటుకకు అద్దకం

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మహమూదా పొడుగు చేతుల గౌను వేసుకుని, పెరట్లో పిల్లికి రంగు వేస్తోంది.

ఆ పిల్లి పేరు కాటుక. ఒళ్లంతా నలుపే. ఈమధ్య దాని వీపు మీద బొచ్చు ఊడి గుండ్రంగా మచ్చ తేలింది. పిల్లికి జబ్బు చేస్తే చేపల మార్కెట్లో వదిలేసి వస్తానని అమ్మ రోషన్ బీ ముందే చెప్పింది. చేపల మార్కెట్ అంటే కాటుకకు అభ్యంతరం ఉండకపోవచ్చు. కానీ అది పక్కన లేకపోతే మహమూదాకు ముద్ద దిగదు.

నాన్న కాలేషా బందరులో కలంకారీ అద్దకం పని చేస్తాడు. గుడ్డకు నలుపు ఎలా ఎక్కుతుందో మహమూదాకు తెలుసు. ముందు కరక్కాయ నీళ్లు పట్టించాలి. తరువాత ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన రంగు అద్దాలి. అలాగే చేసింది. మచ్చ మాయమైంది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

రంగులో బెల్లం ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది. చీమలు మరవలేదు.

కాసేపటికి కాటుక ఎగిరి గంతేసింది. ఆరేసిన దుప్పట్ల మీదుగా పరుగెత్తి అమ్మ ఒళ్లో పడింది. గుట్టు రట్టయింది. అమ్మ ఇద్దరినీ తిడుతూనే పిల్లిని కడిగింది. నాన్న దాన్ని బుట్టలో పెట్టి, మహమూదాను సైకిలెక్కించుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు.

అక్కడ వరండా నిండా కుక్కలూ పిల్లులూ గోక్కుంటున్నాయి. మహమూదాకు ప్రాణం లేచి వచ్చింది. కాటుక ఒక్కదానికే కాదన్నమాట. డాక్టరు రాజారత్నం గారు మచ్చ చూసి నవ్వారు.

"కుక్కలకీ పిల్లులకీ చర్మం జబ్బులు మామూలేనమ్మా. ఇది తామర. మందు రాస్తే తగ్గిపోతుంది, వదిలెయ్యక్కర్లేదు. దాస్తేనే పాకుతుంది. ఎత్తుకునేవాళ్లకీ అంటుకుంటుంది."

మహమూదా గౌను చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. అక్కడా గుండ్రంగా ఒక మచ్చ.

"నాకూ ఉందండీ," అంది.

నాన్న ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, లుంగీ కాస్త పైకెత్తాడు. పిక్క మీద ఇంకో మచ్చ. "మీ అమ్మ తిడుతుందని చెప్పలేదమ్మా," అన్నాడు.

తాను పశువుల డాక్టర్ని మాత్రమేనని, వాళ్లిద్దరినీ పెద్దాసుపత్రికి వెళ్లమని చెబుతూ రాజారత్నం గారు పగలబడి నవ్వారు.

ఇంటికి రాగానే, అమ్మ అడగకముందే మహమూదా చెయ్యి చాపి అంతా చెప్పేసింది. అమ్మ ఆ చేతినీ, నాన్న పిక్కనీ, బుట్టలోని కాటుకనీ మార్చి మార్చి చూసింది.

"పిల్లినొక్కదాన్నే మార్కెట్లో వదిలేద్దామనుకున్నాను. ఇప్పుడు ముగ్గుర్నీ వదలాలి కాబోలు," అంటూ డాక్టరు గారిచ్చిన కాటుక మందు సీసా అందుకుంది.